ఎస్తేరు దీదీ కొన్న ఫ్లాష్

పాత ఫ్లాష్ ఆన్ చేస్తే లోపల ఛార్జి ఎక్కుతూ సన్నగా ఒక ఈల మొదలవుతుంది. చెవి దగ్గరికి దోమ వచ్చినట్టు మొదలై, పైపైకి పోయి, ఇక వినపడనంత సన్నమై ఆగిపోతుంది. అప్పుడు వెనకవైపు చిన్న ఎర్ర దీపం వెలుగుతుంది. ఇప్పుడొచ్చే ఫ్లాష్‌లు ఆ చప్పుడు చేయవు. మొన్న వాన పడుతున్న మధ్యాహ్నం పోర్ట్ బ్లెయిర్‌లో, డెయిరీ ఫార్మ్ అనే పేట‌లోని నా స్టూడియోకి ఒక టీచరమ్మ వచ్చింది. ఎవరో ఇచ్చిన పాత ఫ్లాష్‌ను బల్ల మీద పెట్టి, "దీదీ, ఇది నా కెమెరాకి పనికొస్తుందా? కొత్తది కొనాలంటే ఎక్కువ పెట్టలేను. సస్తాలో ఏది మంచిదో మీరే చెప్పాలి" అంటూ దాన్ని ఆన్ చేసింది. ఆ ఈల వినగానే చెయ్యి చాచి దాన్ని ఆపేశాను. రేపు రమ్మని చెప్పి పంపించేశాను. ఆమె వెళ్ళాక తలుపు దగ్గరగా వేసేశాను. సస్తాలో మంచిది ఏదని వెతుక్కుంటూ తిరిగిన ఒక మనిషి చివరికి ఎలా విరిగిపోయిందో నేను దగ్గరుండి చూశాను. ఆమె పేరు ఎస్తేరు. మాయాబందర్‌లో అందరికీ ఎస్తేరు దీదీ.

జెట్టీ నుంచి పైకెక్కే రోడ్డు మలుపులో, చెక్క గోడలు, రేకు కప్పు ఉన్న రెండు గదులే ఆమె స్టూడియో. ఆమె తాత కాకినాడ వైపు నుంచి వడ్రంగం పని మీద ఈ దీవులకు వచ్చి ఉండిపోయినవాడు. మాది శ్రీకాకుళం సముద్రపు ఒడ్డు. మా నాన్న అప్పలస్వామి పెళ్ళికి ముందే మేనమామ వెంట ఓడెక్కి వచ్చి, ఇక్కడి నీళ్ళలో వల వేసి, ఇక్కడే ఇల్లు కట్టుకున్నాడు. నేను ఇంటర్ తప్పి, అమ్మతో కలిసి బజారులో చేపలమ్ముతున్న రోజుల్లో ఎస్తేరు దీదీ మా గంప దగ్గరికి వచ్చి గట్టిగా బేరమాడేది. ఒకరోజు నేను చేప కోస్తుంటే బేరం మధ్యలో ఆపి, "నీ చెయ్యి వణకదే! కెమెరా పడతావా?" అని అడిగింది. "దానికేటొచ్చమ్మా, పరీక్ష తప్పింది" అంది మా అమ్మ. "కత్తి పట్టడం వచ్చు కదా. ఇదీ అంతే. కదలకుండా పట్టుకోవాలి, సరైన చోట కొయ్యాలి" అంది దీదీ. ఆ మర్నాటి నుంచి నేను స్టూడియోకి వెళ్ళడం మొదలుపెట్టాను. చేపల వాసన పోయేదాకా నన్ను కెమెరా ముట్టుకోనివ్వలేదు. సబ్బు మాత్రం తనే కొనిచ్చింది.

ఆమె మెత్తని మనిషి అని చెప్పను. నోరు కారం. పాస్‌పోర్ట్ ఫొటో కోసం వచ్చిన పోలీసాయనను కూడా "గడ్డం దించు భయ్యా, నన్ను అరెస్టు చేయడానికి వచ్చావా?" అని గద్దించేది. నేను ఒక ఫొటో పాడుచేస్తే రెండు రోజులు మాట్లాడేది కాదు. కానీ పసిపిల్లల్ని నవ్వించాలంటే నేల మీద కూర్చుని, తల మీద గిన్నె బోర్లించుకునేది. ఎవరి ముఖాన్నీ తేలిగ్గా వదిలేది కాదు. పౌడరు ఎక్కువ రాసుకొచ్చిన అమ్మాయిలను పెరట్లోకి పంపి ముఖం కడిగించేది. "నీ రంగు నీకుంది కదా, దాన్నెందుకు దాస్తావు? మీ ఇంట్లోవాళ్ళు నిన్ను చూసుకోవాలా, పౌడరు డబ్బాను చూసుకోవాలా?" అనేది.

పెళ్ళిళ్ళు, బాప్తిస్మాలు ఏ ఊళ్ళోనైనా ఉండేవే. మా దీవుల్లో ఫొటో తీసేవాళ్ళకు ఇంకో పని కూడా ఉండేది. ఇక్కడ ఎవరైనా చనిపోతే మెయిన్‌లాండ్‌లోని అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు చివరిచూపుకు రాలేరు. ఓడకు రోజులు పడతాయి. విమానం మావాళ్ళకు అందే మాట కాదు. ఈ ఉక్కలో శవాన్ని ఉంచడమూ కుదరదు. అందుకే శవం చుట్టూ ఇంటివాళ్ళను కూర్చోబెట్టి ఫొటో తీయించి పంపేవాళ్ళు. అక్కడివాళ్ళు ఆ ఫొటో చూసి ఏడ్చి, స్నానం చేసి, మైల తీర్చుకునేవాళ్ళు. ఆ ఫొటోయే వాళ్ళకు చివరిచూపు. ఆ పనికి పిలుపు వస్తే దీదీ అన్నం ముందు నుంచి కూడా లేచి వెళ్ళేది.

స్టూడియో లోపలి గదిలో గోడకు ఒక ఫ్రేము ఉండేది. దాని మీద ఎప్పుడూ ఒక తువ్వాలు వేలాడుతుండేది. నేను ఒకసారి దుమ్ము దులుపుతూ తువ్వాలు తీశాను. పెట్టెలో పడుకోబెట్టిన మనిషి. నుదురు, ముక్కు, చెంపలు సున్నం కొట్టినట్టు తెల్లగా ఉన్నాయి. కళ్ళ దగ్గర రెండు నల్లటి గుంటలు. వెనక గోడ మీద పెట్టె నీడ కత్తిరించి అతికించినట్టుంది. దీదీ వచ్చి చూసి, తిట్టకుండా తువ్వాలు నా చేతిలోంచి తీసుకుంది. "మా ఆయన ప్రభుదాసు. ఈ స్టూడియో ఆయన పెట్టిందే. జ్వరమొచ్చి పోయాడు. తీయడానికి నాకు చేతులు రాలేదు. ఏదో ఆఫీసులో పనిచేసే గుమాస్తా ఒకడు కెమెరా తెచ్చి, ఎదురుగా నిలబడి ముఖం మీద ఫ్లాష్ కొట్టేశాడు" అంది. తువ్వాలు మళ్ళీ కప్పుతూ, "ఇప్పుడు కళ్ళు మూసుకుంటే నాకు ఈ ముఖమే వస్తుంది రత్నం. బతికున్న ముఖం రాదు. ఇది దాన్ని తినేసింది" అంది. పారేయవచ్చు కదా అని నేను అడిగాను. "ఇది కూడా పారేస్తే ఇంకేముంది?" అంది.

అప్పుడు నాకు అర్థమైంది, చావు ఇంట్లో ఆమె అంత తిప్పలు ఎందుకు పడుతుందో. "పోయినవాళ్ళ ముఖం మీద నేరుగా వెలుగు కొట్టకూడదు. పైకి కొట్టి, అక్కడి నుంచి జారి పడనివ్వాలి. వాన వెలిశాక వచ్చే వెలుగులాగ" అనేది. రీలు కెమెరా ఉన్నన్నాళ్ళు ప్రభుదాసుగారి పాత ఫ్లాష్ ఆ పని చేసింది. దాని తల పైకి వంగేది.

తర్వాత రీళ్ళు రావడం తగ్గిపోయింది. బజారులో కొత్త స్టూడియో ఒకటి కంప్యూటరుతో సహా తెరిచారు. దీదీ ఉన్నదంతా ఊడ్చి, తెలిసినవాళ్ళ చేత మద్రాసు నుంచి ఓడలో వాడిన డిజిటల్ కెమెరా ఒకటి తెప్పించుకుంది. అందులో చిన్న ఫ్లాష్ ఉంది గాని, అది కళ్ళకు ఎదురుగా వెలిగేదే. పాత ఫ్లాష్ కొత్త కెమెరాకు పెట్టొచ్చో లేదో ఆమెకు తెలియలేదు. ఆ సంగతేదో తేల్చుకోవడానికి ఇద్దరం తెల్లవారుజాము బస్సెక్కి పోర్ట్ బ్లెయిర్ బయల్దేరాం. ఆదివాసులుండే అడవిలో బండ్లన్నీ వరసగా పోలీసు జీపు వెనక సాగే రోడ్డది. మధ్యలో కాలువలు దాటడానికి బస్సును ఫెర్రీ మీదికి ఎక్కించాలి. దారంతా ఆమె పాత ఫ్లాష్‌ను ఒళ్ళో పెట్టుకునే కూర్చుంది.

అబర్దీన్ బజారులోని కెమెరా దుకాణాయన దాన్ని మీటరు పెట్టి చూసి తల అడ్డంగా ఊపాడు. "పెట్టకండి దీదీ. ఇందులోంచి వచ్చే కరెంటు ఎక్కువ. రీలు కెమెరా తట్టుకుంటుంది. మీ కొత్తదాని లోపలి సర్క్యూట్ కాలిపోతుంది." దీదీ ఫ్లాష్‌ను సంచిలో పెట్టుకుని, "అయితే తల పైకెత్తేది చూపించు భయ్యా. సస్తాలో" అంది. ఆయన ముందు చిన్నది, కొత్తది తీశాడు. వెలుగు బాగానే ఉంది, మా చేతికి అందే ధరే, కానీ తల బిగుసుకుపోయి ఉంది. "పెళ్ళిళ్ళకు ఇది చాలు" అన్నాడాయన. "నేను పెళ్ళిళ్ళకు అడగట్లేదు" అంది దీదీ. తర్వాత ఆ కెమెరా కంపెనీవాళ్ళే చేసిన ఫ్లాష్ ఒకటి అట్టపెట్టెలోంచి తీసి చూపించాడు. తల పైకి లేస్తుంది, పక్కలకు తిరుగుతుంది, ఎంత వెలుగు కావాలో కెమెరాతో మాట్లాడుకుని తనే కొలుచుకుంటుంది. దీదీ దాన్ని పెట్టుకుని, పైకప్పు వైపు తిప్పి నన్ను ఒక ఫొటో తీసింది. కెమెరా వెనక తెర మీద చూసుకుని, "రత్నం, నువ్వు ఇంత బాగుంటావా?" అంది. ఆ రోజు ఆమె నవ్వింది అప్పుడొక్కసారే. ధర విన్నాక దాన్ని పసిబిడ్డను పడుకోబెట్టినట్టు మళ్ళీ పెట్టెలో పెట్టి మూత వేసింది.

ఆఖరున ఆయన కింది సొరుగులోంచి వాడిన ఫ్లాష్ ఒకటి తీశాడు. తల ఎత్తుతుంది. ముందున్న చిన్న కన్ను వెలుగును చూసుకుని చాలనుకున్నప్పుడు ఆపేస్తుంది. కరెంటు కూడా తక్కువే, ఏ కెమెరాకైనా పెట్టొచ్చు. కానీ బ్యాటరీల మూత తీస్తే లోపలి రేకుల మీద పచ్చటి చిలుము. "ఉప్పుగాలి తిన్నది దీదీ. గీకి ఇస్తాను. ఎన్నాళ్ళు పనిచేస్తుందో మాత్రం చెప్పలేను" అన్నాడు నిజాయితీగా. దీదీ చాలాసేపు ఆ మూడింటినీ చూసింది. "తల ఎత్తుతుంది కదా. చాలు" అంది చివరికి. ఎంచుకోవడం అంటే అదేనని అప్పట్లో అనుకున్నాను. మాలాంటివాళ్ళం దుకాణానికి వెళ్ళకముందే ఆ ఎంపిక జరిగిపోయి ఉంటుందని తర్వాత తెలిసింది.

కొన్ని నెలలు అది బాగా పనిచేసింది. చర్చి పెద్దల్లో ఒకాయన పోయినప్పుడు వాళ్ళింటికి వెళ్ళాం. మా ఇళ్ళకు తెల్లటి పైకప్పు ఎక్కడిది? పొగచూరిన రేకులే. దీదీ తెల్ల దుప్పటి ఒకటి తీసి, నన్నూ ఇంటివాళ్ళలో ఒకరినీ స్టూళ్ళెక్కించి శవం మీదుగా పందిరిలా పట్టించింది. ఫ్లాష్ తల పైకెత్తి దుప్పటికి కొట్టింది. వెలుగు అక్కడి నుంచి మెల్లగా కిందికి దిగింది. కెమెరా వెనక తెర మీద చూసిన కొడుకు, "మధ్యాహ్నం పూట కునుకు తీసినట్టున్నాడు మా నాన్న" అని ఏడ్చాడు. తిరిగి వస్తుంటే దారిలో దీదీ హఠాత్తుగా ఆగి, నా భుజం పట్టుకుని, "చూశావా? చూశావా రత్నం?" అంది.

వానాకాలం రాగానే దానికి జబ్బు మొదలైంది. దీదీ రోజూ సాయంత్రం రేకులను రబ్బరుతో రుద్ది, చెమ్మ పట్టకుండా బియ్యం డబ్బాలో దాచేది. అయినా చిలుము మళ్ళీ పుట్టేది. ఈల నానాటికీ నీరసపడి, ఎర్ర దీపం వెలగడానికి ఎంతో సేపు పట్టేది. దుకాణాయనకు ఫోన్ చేస్తే ఇంకొకటి చూసి ఉంచుతానన్నాడు. కానీ చెట్లు కూలి రోడ్డు మూసేశారు, సముద్రం పొంగి పడవలు ఆపేశారు. ఆ రోజుల్లోనే మా నాన్న పోయాడు. పొద్దున డింగీ పడవలోంచి ఇంజను భుజాన వేసుకుని జెట్టీ ఎక్కుతూ, అలసట వచ్చినట్టు కూర్చుని పక్కకు ఒరిగిపోయాడు. ఆసుపత్రికి తీసుకెళ్ళేసరికే అయిపోయింది.

మధ్యాహ్నానికి ఇంటికి తెచ్చారు. బయట కుండపోత. కరెంటు లేదు. మా అమ్మ ఏడుపు ఆపి అడిగిన మొదటి మాట, "ఎస్తేరమ్మను పిలవండి. మా వదినకు ముఖం చూపించాల" అని. ఆ వదిన మా నాన్న అక్క, మా నీలమ్మత్త. కళింగపట్నం దగ్గరి పల్లెలో ఉండేది. తల్లి చిన్నప్పుడే పోతే మా నాన్నను చంకనేసుకుని పెంచింది ఆవిడే. తమ్ముడు ఓడెక్కాక మళ్ళీ చూసుకున్నది ఒకటి రెండు సార్లకు మించదు.

దీదీ తడిసి ముద్దై వచ్చింది. వస్తూనే నన్ను గట్టిగా పట్టుకుని వదిలి, పనిలో పడింది. దుప్పటి కట్టించింది. ఫ్లాష్ ఆన్ చేసింది. ఈల సగందాకా వచ్చి ఆగిపోయింది. బ్యాటరీలు మార్చింది, అరచేతిలో కొట్టింది, రేకులు పొడిగుడ్డతో తుడిచింది. మళ్ళీ సగంలోనే ఆగిపోయింది. "వాకిట్లోకి తెద్దాం, టార్పాలిన్ పట్టా కింద పగటి వెలుగు చాలు" అంది. పెద్దవాళ్ళు ఒప్పుకోలేదు. గుమ్మం దాటిస్తే మళ్ళీ లోపలికి తేకూడదు, వాన తగ్గగానే ఎత్తాలన్నారు. తలుపులన్నీ తెరిపించి లాంతరు వెలుగులో తీసి చూసింది. చేతులు వణికి ముఖం చెదిరిపోయింది. కెమెరా నాకిచ్చి, "నువ్వు పట్టు బేటీ, నీ చెయ్యి వణకదు" అంది. పట్టాను. ఆ రోజు నా చెయ్యి వణికింది.

కెమెరా మళ్ళీ తనే తీసుకుని, అందులోని చిన్న ఫ్లాష్‌కు చేతిరుమాలు అడ్డం పెట్టి చూసింది. ముఖం నల్లటి ముద్దలా వచ్చింది. మా చిన్నాన్న విసుగ్గా, "ఆ గుడ్డ తీసి కొట్టేయమ్మా, వాన తగ్గుతోంది" అన్నాడు. "కొట్టను" అంది దీదీ. మా అమ్మ వచ్చి ఆమె కాళ్ళు పట్టుకుంది. "ఒక్కటి తియ్యమ్మా. నీకు పుణ్యముంటాది. తమ్ముడి ముఖం చూడకపోతే మా వదిన చచ్చిపోద్ది." దీదీ నా వైపు తిరిగి, "రత్నం, నువ్వు బయటికి పో" అంది. నేను కదల్లేదు. ఆమె రుమాలు తీసేసి, కెమెరా ఎత్తి, కళ్ళు మూసుకుని నొక్కింది.

ఆ ఫొటోలో మా నాన్న ముఖం బియ్యప్పిండి పూసినట్టుంది. ముక్కులోని దూది అన్నిటికంటే ముందు కనిపిస్తుంది. తల దగ్గర కూర్చున్న మా అమ్మ కళ్ళు చీకట్లో జంతువు కళ్ళలా ఎర్రగా వెలుగుతున్నాయి. దాన్నే పంపాం. ఇంకేం పంపగలం?

కొన్నాళ్ళకు నీలమ్మత్త ఫోన్ చేసింది. గొంతులో ఏడుపు లేదు. "ఒలే రత్నం, ఈ ఫొటో ఎవులిదే?" అంది.

"నాన్నదే అత్తా."

"కాదు. నా తమ్ముడు నల్లనోడు. ఈడెవుడో తెల్లగా పిండిబొమ్మలాగున్నాడు. నాను పెంచినోడి మొకం నాకు తెల్దేటి? మీరేదో దాస్తన్నారు. బర్మా నీళ్ళలోకెళ్ళి దొరికిపోనాడా? జైల్లో ఉన్నాడా? సెప్పే."

మా అమ్మ ఫోన్ తీసుకుని ఒట్లు పెట్టింది. చిన్నాన్న చెప్పాడు. ఆవిడ నమ్మలేదు. చావు స్నానం చేయలేదు. దీవుల నుంచి ఊరికి ఎవరు వెళ్ళినా వాళ్ళ దగ్గర కూర్చుని, బర్మా జైలు నుంచి ఎప్పుడు వదులుతారట అని అడిగేదట. చనిపోయేదాకా ఎదురుచూసింది.

మా అత్తకు ఫొటో అందిందా అని దీదీ అడిగినప్పుడు ఉన్నది చెప్పాను. ఆమె విని, బియ్యం డబ్బాలోంచి ఫ్లాష్ తీసి ఒళ్ళో పెట్టుకుంది. "సస్తా చూశాను" అంది. "మీరేం చేస్తారు దీదీ, దొరికింది అదే కదా" అన్నాను. "అదే చెప్తున్నాను. దొరికింది అదే. మా ఆయనకు ఆ గుమాస్తా దొరికాడు. మీ నాన్నకు నేను దొరికాను" అంది. నేను ఎన్ని చెప్పినా ఆ మాట దగ్గర నుంచి ఆమెను కదిలించలేకపోయాను.

ఆ తర్వాత ఆమె చావు ఇళ్ళకు వెళ్ళలేదు. పిలవడానికి వచ్చినవాళ్ళను కొత్త స్టూడియోకి పంపేసేది. పోర్ట్ బ్లెయిర్ దుకాణాయన ఇంకో ఫ్లాష్ దొరికిందని కబురు చేస్తే, వద్దని చెప్పించింది. మెల్లగా పెళ్ళిళ్ళూ పోయాయి. షుగరు ముదిరి చూపు మందగించింది. నేను బతుకుతెరువు కోసం పోర్ట్ బ్లెయిర్ వచ్చి ఒక స్టూడియోలో చేరాను. విశాఖపట్నంలో ఉన్న చెల్లెలు ఆమెను తన దగ్గరికి రమ్మంటే, సరేనని బయల్దేరింది. ఓడ దగ్గర కలిశాను. చేతిలో ఒక చిన్న పెట్టె తప్ప ఏమీ లేదు. పని ఎలా ఉందని అడగలేదు. "మీ అత్త ఇంకా ఎదురుచూస్తోందా?" అని మాత్రం అడిగింది. అప్పటికి అత్త బతికే ఉంది. చూస్తోందని చెప్పాను. తల ఊపి, నా చెంప మీద చెయ్యి వేసి, పక్కనున్న కమ్మీ పట్టుకుని ఓడ మెట్లెక్కింది. నా భుజాన కెమెరా ఉంది. తీయమని ఆమె అనలేదు, తీస్తానని నేనూ అనలేదు.

రెండేళ్ళు తిరగకుండానే పోయింది. ఆమె చెల్లెలి కొడుకు నా ఫోన్‌కు ఒక ఫొటో పంపించి, కింద "పెద్దమ్మ చివరిచూపు" అని రాశాడు. అది తెరుచుకోక ముందు కనిపించే మసక గళ్ళలో తెల్లటిదేదో ఉంది, చుట్టూ పూలలాంటివి ఉన్నాయి. నేను ఇప్పటిదాకా తెరవలేదు. తెరవకుండా ఉంటే ఆమె ముఖం నా దగ్గర ఉన్నది ఉన్నట్టు ఉంటుందనుకున్నాను. ఉండటం లేదు. ముందు ముక్కు పక్కనున్న పుట్టుమచ్చ కుడివైపో ఎడమవైపో మరిచిపోయాను. తర్వాత నవ్వితే ఎలా ఉండేదో పోయింది. ఇప్పుడు తలుచుకుంటే గొంతు వినిపిస్తుంది, ముఖం ఉండాల్సిన చోట ఏమీ ఉండదు.

ఈ ఊళ్ళో ఇప్పటికీ అప్పుడప్పుడు అలాంటి పనికి నన్ను పిలుస్తారు. వెళ్తాను. నా దగ్గర ఇప్పుడు మంచి ఫ్లాష్ ఉంది, తోడుగా ఇంకొకటి కూడా ఉంది. తీసిన ఫొటో చూసి ఇంటివాళ్ళు బాగుందంటారు. అయినా నేను వెంటనే బయల్దేరలేను. రంగు సరిగ్గా వచ్చిందా, దవడ సరిగ్గా వచ్చిందా అని చూసిన ముఖాన్నే మళ్ళీ చూస్తాను, పక్కనున్నవాళ్ళను మళ్ళీ అడుగుతాను. "ఈయన ఇలాగే ఉండేవాడా? నిజంగా ఇలాగేనా?" అని. పాడె పట్టడానికి వచ్చినవాళ్ళు గొణుక్కుంటారు. ఆమె నాకు ఎంతో పని నేర్పింది. అందులో చాలావరకు కొత్త కెమెరాలకు అక్కర్లేకుండా పోయింది. ఆ భయం మాత్రం ఇంకా నా దగ్గరే ఉంది.